తడవని తొడుగు

అవ్వ పెట్టె సర్దుకుంటోంది. సంగటికి రాగిపిండి, కందిపొడి, ఉసిరికాయ తొక్కు, చెనక్కాయ ఉంటలు... 'ఇంకేమన్నా మర్చిపోయినానా' అనుకుంటూ ఆఖర్న ఓ చిన్న పొట్లం పెట్టింది. అందులో ఎర్ర ఊలు గ్లోవ్స్. చలికాలంలో రోడ్డు పక్కన స్వెటర్లు పరిచి అమ్మేవాళ్ల దగ్గర బేరమాడి మరీ కొన్నవి. టొరంటోలో ఉన్న నాలుగేళ్ల మనవడికి!

ప్రొద్దుటూరు అవ్వ టొరంటో చేరిన పది రోజులకు మంచు పడింది. మనవడు ఎర్ర గ్లోవ్స్ తొడుక్కుని పెరట్లోకి పరుగు తీశాడు. మంచు ముద్దలు చేశాడు, విసిరాడు, గుంత తవ్వాడు. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో ఏడుస్తూ లోపలికొచ్చాడు. గ్లోవ్స్ పిండితే నీళ్లు కారుతున్నాయి. వేళ్లు కందిపోయాయి, కొసలు తెల్లబడ్డాయి. అవ్వ గుండె ఝల్లుమంది. వాణ్ని ఎత్తుకుని పొయ్యి దగ్గరికి పరుగెత్తబోయింది.

"వద్దుమా! పొయ్యి కాడ పెట్టొద్దు. గోరువెచ్చని నీళ్లలో ముంచు" అంది కూతురు.

కాసేపటికి వేళ్లకు రంగొచ్చింది. పిల్లాడి ఏడుపు ఆగింది. అవ్వ దిగులు మాత్రం ఆగలేదు.

"నేను తెచ్చినవే గదా మే తొడిగినాం. మల్ల ఎందుకిట్లయింది?"

"అవి చలికిమా. మంచుకు కాదు."

చలికి వేరు, మంచుకు వేరు! సంగతంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇది ఒక ఇంటి ముచ్చట కూడా కాదు. కడప, కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ... ఏ వీధిలో చూసినా పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. కాన్పుకని, మనవళ్లను చూసుకోవాలని ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చే అవ్వాతాతలూ ఎక్కువే. అమ్మానాన్నలు ఉద్యోగానికి వెళితే పిల్లల చేతులకు తొడుగులు తొడిగి బయటికి పంపాల్సింది వాళ్లే.

మనకు తెలియని తడి

రాయచోటి, రాజంపేట వైపు ఒకప్పుడు పరదేశమంటే కువైట్. అక్కడికి వెళ్లేవాళ్లకు ఎండ కొత్త కాదు. మన రాళ్ల సీమలో పుట్టినవాళ్లకు ఎండ సంగతి ఒకరు చెప్పాలా! నెత్తిన తువ్వాలు, కాళ్లకు చెప్పులు, కుండలో నీళ్లు... చిన్నప్పట్నుంచీ తెలిసిన జాగ్రత్తలే. పొలం గట్టున పల్లేరుకాయలు గుచ్చుకుంటే ఎలా తీయాలో, తుమ్మ ముల్లు విరిగితే ఏం చేయాలో పదేళ్ల పిల్లకూ తెలుసు.

చలి విషయంలో అలా కాదు. కర్నూల్లో రాత్రి ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీలకు దిగితేనే మఫ్లర్లు బయటికొస్తాయి. కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు సగటున మైనస్ 20 డిగ్రీల దాకా వెళతాయి. పైగా మన చలి పొడి చలి. స్వెటరు వేసుకుంటే ఆగిపోతుంది. మంచు అలా ఊరుకోదు. చేతికి తగిలిందంటే కరుగుతుంది, కరిగి నీరవుతుంది. ఆ నీరే అసలు శత్రువు.

'అంత చలిలో పిల్లల్ని బయటికి పంపడమెందుకు? ఇంట్లోనే ఆడుకోవచ్చుగా!' అని అవ్వలకు అనిపించడం సహజమే. అక్కడి పద్ధతి వేరు. మంచు పడినా బడిలో పిల్లల్ని విరామంలో బయటికి వదులుతారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో రోజంతా శిశు సంరక్షణ కేంద్రంలో ఉండే రెండున్నరేళ్లు దాటిన పిల్లల్ని, వాతావరణం అనుకూలిస్తే రోజుకు కనీసం 2 గంటలు ఆరుబయట ఆడించాలని నిబంధనే ఉంది. నెలల తరబడి గదుల్లో కూర్చుంటే పిల్లల ఒళ్లూ కదలదు, మనసూ నిలవదు. కాబట్టి ఆట మాన్పించడం దారి కాదు. ఆటకు తగ్గ తొడుగు వెతకడమే దారి.

తడిస్తే ఏమవుతుంది?

ఊలు గ్లోవ్స్ వెచ్చగా ఎందుకుంటాయి? దారాల సందుల్లో గాలి నిలిచి ఉంటుంది కాబట్టి. ఒంటి వేడిని ఆ గాలి బయటికి పోనివ్వదు. మంచు కరిగి నీరు చేరితే గాలి ఉండాల్సిన చోట నీరు కూర్చుంటుంది. గాలి కంటే నీరు వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. తడి గుడ్డతో చుట్టిన కుండ చల్లబడినట్టే చెయ్యీ చల్లబడుతుంది. తడిసినా ఊలు కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. నూలు అయితే అదీ లేదు. తడిసిన నూలు గ్లోవ్స్ కంటే పొడిగా జేబులో పెట్టుకున్న ఉత్త చేతులే నయం!

పెద్దవాళ్ల కన్నా పిల్లలు తొందరగా చల్లబడతారు. వాళ్ల బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. అందుకే వేడి త్వరగా బయటికి పోతుంది. పైగా ఆట ధ్యాసలో చేతులు మొద్దుబారుతున్న సంగతి చెప్పరు. చెప్పేసరికే ఆలస్యమవుతుంది. అయిదేళ్లలోపు పిల్లలకైతే 'వేళ్లకు స్పర్శ తెలియడం లేదు' అని చెప్పడమే రాదు.

చీటీ మీద ఏముంది?

దుకాణానికి వెళితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రంగురంగుల బొమ్మలు, మెత్తటి బొచ్చు... అవి చూసి మోసపోవద్దు. లోపల కుట్టిన చీటీ చదవండి. 'వాటర్ రెసిస్టెంట్' అని ఉంటే కాసేపు నీటిని ఆపుతుందని అర్థం. నాలుగు చుక్కలు పడితే జారిపోతాయి. మంచులో అరగంట చేతులు పెడితే మాత్రం తడుస్తుంది. 'వాటర్‌ప్రూఫ్' అని ఉంటే నీరు లోపలికి రాకుండా ఒక పొర ఉందని అర్థం. మంచులో ఆడే పిల్లలకు కావాల్సింది ఈ రెండోదే.

మంచి మంచు గ్లోవ్‌లో సాధారణంగా మూడు వరుసలుంటాయి. పైన గట్టి నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డ. దాని కింద నీటిని ఆపే పల్చటి పొర. అన్నిటికన్నా లోపల వెచ్చదనమిచ్చే దూది లాంటి పాలిస్టర్ లేదా ఫ్లీస్. ఆ నడిమి పొరలోనే కిటుకుంది. బయటి నీరు లోపలికి రాకూడదు, లోపలి చెమట ఆవిరి మాత్రం బయటికి పోవాలి. ప్లాస్టిక్ సంచిలో చెయ్యి పెట్టి కాసేపుంచితే చెమటతోనే తడుస్తుంది కదా! 1969లో అమెరికాకు చెందిన బాబ్ గోర్ ఒక రకం ప్లాస్టిక్‌ను హఠాత్తుగా లాగి సాగదీస్తే అందులో కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలు ఏర్పడ్డాయి. నీటిచుక్క పట్టనంత చిన్నవి, ఆవిరి పట్టేంత పెద్దవి! గోర్‌టెక్స్ అనే పేరుతో కోట్లకూ గ్లోవ్స్‌కూ వాడుతూ వచ్చింది ఆ గుడ్డనే. ఇప్పుడు అదే సూత్రంతో చాలా కంపెనీలు తమ తమ పేర్లతో తయారుచేస్తున్నాయి. చిన్నపిల్లలకు ఖరీదైన పేరే ఉండాలనేం లేదు. ఏడాది తిరిగేసరికి చెయ్యి పెరుగుతుంది, గ్లోవ్ బిగుతవుతుంది. నీరు ఆగితే చాలు.

ఇంకో రకం కూడా ఉంది. స్వీడన్, నార్వేల్లో పిల్లలు వానలోనూ బురదలోనూ ఆడుకుంటారు. వాళ్లకు రెయిన్‌కోటు లాంటి పూత గుడ్డతో, లోపల ఫ్లీస్ అతికించిన తొడుగులు వాడతారు. వీటిలోంచి ఆవిరి బయటికి పోదు కానీ నీరు అస్సలు రాదు. మంచు సగం కరిగి బురదగా ఉండే రోజులకు ఇవి భేషుగ్గా పనికొస్తాయి. లండన్, ఎడిన్‌బరో లాంటి చోట్ల గడ్డకట్టే చలి తక్కువ, ముసురు ఎక్కువ. అక్కడి మనవళ్లకు ఇవే మేలు.

వేళ్లున్నవా... లేనివా?

అయిదు వేళ్లూ విడివిడిగా ఉండే గ్లోవ్స్ చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. మూడేళ్ల పిల్లాడికి తొడిగి చూడండి, తెలుస్తుంది ఆ కష్టం! ఒక అరలోకి రెండు వేళ్లు దూరతాయి, ఇంకో అర ఖాళీగా ఉంటుంది. ఈలోపు వాడు ఏడుస్తాడు, మీకు చెమటలు పడతాయి. నాలుగైదేళ్ల లోపు వాళ్లకు బొటనవేలు ఒక్కటి విడిగా, మిగతా నాలుగూ కలిసి ఉండే మిటెన్సే సరైనవి. తొడగడం తేలిక. వేళ్లన్నీ ఒకచోట ఉంటే ఒకదాని వేడి ఒకదానికి అందుతుంది. అందుకే గ్లోవ్స్ కన్నా మిటెన్స్ వెచ్చగా ఉంటాయి. బడికి వెళ్లే వయసొచ్చి, జిప్పులు లాగాలి, పార పట్టుకోవాలి అనుకుంటే అప్పుడు వేళ్లున్నవి చూడొచ్చు.

తర్వాత చూడాల్సింది మణికట్టు. చాలా గ్లోవ్స్‌లో నీరు గుడ్డలోంచి కాదు, మూతిలోంచి వస్తుంది. పొట్టి గ్లోవ్‌కూ చొక్కా చేతికీ మధ్య నాలుగు వేళ్ల సందుంటే మంచు నేరుగా లోపలికి జారుతుంది. మూతి పొడవుగా, మోచేయి వైపు సగం దాకా వచ్చేది చూడండి. జాకెట్ చేతి మీదుగా లాగి, తాడుతోనో వెల్‌క్రోతోనో బిగించే వీలుండాలి. పక్కన జిప్పు ఉండి బాగా విప్పారేదైతే పిల్లలు తామే తొడుక్కోగలరు. బడిలో ఇరవై మంది పిల్లలకు ఒక్క టీచరే తొడగాలంటే ఎంతసేపు పడుతుందో ఊహించండి.

కొలత కూడా ముఖ్యమే. 'పెరిగే పిల్లాడు కదా' అని రెండు సైజులు పెద్దవి తీసుకోవడం మనకు అలవాటు. లంగాకు, ప్యాంటుకు ఆ లెక్క సరిపోతుంది. గ్లోవ్స్‌కు కాదు. మరీ వదులైతే పిల్లాడు దేన్నీ పట్టుకోలేడు, విసిగిపోయి తీసి పారేస్తాడు. మరీ బిగుతైతే రక్తం సరిగా ఆడదు, లోపల గాలి నిలవదు. అదింకా చల్లన. వేలి కొస దగ్గర కొంచెం ఖాళీ ఉండి, పిడికిలి సులువుగా మూయగలిగితే అదే సరైన సైజు.

బక్కెట్టు పరీక్ష

కొన్నది వాటర్‌ప్రూఫో కాదో మంచు పడేదాకా ఆగనక్కర్లేదు. ఇంట్లోనే తేల్చేయొచ్చు. మీ చేతికి పడితే ఆ గ్లోవ్ తొడుక్కోండి, పట్టకపోతే లోపల కాగితం రుమాలు కుక్కండి. బక్కెట్టు నీళ్లలో మూతి మునగకుండా అయిదు నిమిషాలు ఉంచండి. మధ్యమధ్య పిడికిలి బిగించినట్టు నొక్కండి. తీసి చూస్తే కాగితం పొడిగా ఉందా? నమ్మొచ్చు. వేళ్ల సందుల్లో, బొటనవేలి మొదట్లో తడి కనిపిస్తే కుట్లు కారుతున్నట్టే. గుడ్డ ఎంత మంచిదైనా సూది గుచ్చిన ప్రతి చోటా ఓ రంధ్రమే కదా!

ఎక్కడ కొనాలి? కడప, కర్నూలు బజార్లలో దొరికే ఊలు గ్లోవ్స్, బైకు గ్లోవ్స్ ఈ పనికి రావు. హైదరాబాద్, బెంగళూరుల్లోని డెకథ్లాన్ లాంటి పెద్ద క్రీడాసామగ్రి దుకాణాల్లో పిల్లల మంచు గ్లోవ్స్ అడిగి చూడొచ్చు. అయితే పిల్లలున్న ఊళ్లోనే కొనడం అన్నిటికన్నా మంచిది. తొడిగి కొలత చూడొచ్చు, బాగాలేకపోతే మార్చుకోవచ్చు. చలికాలం ముగిసే ముందు అక్కడ ధరలు తగ్గిస్తారు. వాడినవి అమ్మే దుకాణాలూ ఉంటాయి. పెట్టెలో ఆ చోటు ఇంకో చెనక్కాయ ఉంటల డబ్బాకు వదిలేయండి!

రెండు జతలు ఉంటే నిశ్చింత. ఒకటి ఆరుతుంటే ఇంకోటి చేతికి. అవి జారిపోకుండా పొడవాటి తాడు కట్టి మెడ వెనక నుంచి వేసే అలవాటు పాతది. జారుడుబల్లకో ఊయలకో ఆ తాడు చిక్కుకుంటే పిల్లాడి మెడకు ఉరి పడే ప్రమాదముంది. తాడు వద్దు. జాకెట్ చేతికి పట్టి ఉంచే చిన్న క్లిప్పులు దొరుకుతాయి, అవి చాలు. లోపల పేరు రాయడం మర్చిపోవద్దు.

మనాలీ వెళుతున్నారా?

మంచు పరదేశంలోనే ఉంటుందనేం లేదు. సెలవుల్లో మనాలీ, గుల్మార్గ్ వెళ్లే కుటుంబాలు మన జిల్లాల్లోనూ పెరిగాయి. అక్కడ దారి పొడవునా మంచు దుస్తులు, బూట్లు, గ్లోవ్స్ అద్దెకిస్తారు. పెద్దవాళ్లకు ఏదో ఒకటి సరిపోతుంది. చిన్నపిల్లల సైజులు దొరకడమే కష్టం. ముందు వాడినవాళ్ల తడి ఆరకుండానే మీ చేతికి రావచ్చు. తీసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. తేమ తగిలితే వద్దనండి. పిల్లలకు మాత్రం సొంత జత వెంట తీసుకెళ్లడం మేలు.

వేళ్లు తెల్లబడితే...

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి చలి కొరుకుతుంది. చర్మం పాలిపోయి, మొద్దుబారి, సూదులు గుచ్చినట్టుందంటే మొదటి హెచ్చరిక. వెంటనే లోపలికి తీసుకురండి. తడి బట్టలు మార్చండి. చేతుల్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. నీటి వేడిని పిల్లాడి చేత్తో కాదు, మీ మోచేత్తో చూడాలి. మొద్దుబారిన వేళ్లకు కాలినా తెలియదు. ఇక్కడే మన అవ్వల ప్రేమకు కాస్త పగ్గం వేయాలి. రుద్దకూడదు. మంచుతో అసలే రుద్దకూడదు. పొయ్యి మీద, హీటరు దగ్గర కాచకూడదు. అలా చేస్తే చర్మం దెబ్బతింటుంది. చర్మం గట్టిపడినా, బూడిద రంగుకు తిరిగినా, బొబ్బలు లేచినా, వెచ్చబరిచాక స్పర్శ రాకపోయినా ఇంటి వైద్యం వద్దు. ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

బయటికి పంపే ముందు గాలి సంగతీ చూడాలి. గాలి వీస్తే ఉన్న చలి ఇంకా ఎక్కువగా తగులుతుంది. కెనడాలో వాతావరణ వార్తల్లో ఆ లెక్క విడిగా చెబుతారు. అది మైనస్ 27కు, అంతకన్నా కిందికి దిగితే పిల్లల్ని ఇంట్లోనే ఆడించమని అక్కడి పిల్లల వైద్యుల సంఘం సలహా. ఆ రోజు ఎంత మంచి గ్లోవ్స్ ఉన్నా ఆట ఇంట్లోనే.

ఇంటికొచ్చాక

* తడిసిన గ్లోవ్స్‌ను మూతి కిందికి ఉండేలా, గాలి ఆడే చోట వేలాడదీయాలి.
* లోపలి గుడ్డ బయటికి వచ్చేదైతే తిప్పి ఆరేయాలి.
* హీటరు మీద నేరుగా పెట్టొద్దు. నీటిని ఆపే పొర పాడవుతుంది.
* ఉతికే ముందు చీటీ చదవాలి. బట్టలు మెత్తబరిచే ద్రవాలు వాడొద్దు.
* బడి సంచిలో రెండో జత ఎప్పుడూ పొడిగా ఉండాలి.
* పిల్లాడే తొడుక్కునేలా ముందుగా ఇంట్లోనే అలవాటు చేయాలి. రంగు వాణ్నే ఎంచుకోనిస్తే తీసి పారేయడం తగ్గుతుంది.

మరి అవ్వ తెచ్చిన ఎర్ర గ్లోవ్స్ ఏమయ్యాయి? వాటికీ పని దొరికింది. కూతురు కొంచెం వదులైన వాటర్‌ప్రూఫ్ మిటెన్స్ కొంది. లోపల పల్చటి ఊలు, పైన తడవని తొడుగు. చెయ్యి బిగుసుకోనంతవరకు ఈ జోడీ ఎంతో వెచ్చన. మరుసటి వారం మనవడు గంటసేపు ఆడి వచ్చాడు. అవ్వ ముందు వాడి వేళ్లు పట్టుకుని చూసింది. పొడిగా, వెచ్చగా ఉన్నాయి.

"ఇప్పుడు బాగుండాయి నాయనా" అంది.

ఎండాకాలం సెలవులకు వాళ్లంతా ప్రొద్దుటూరు వచ్చారు. మధ్యాహ్నం రెండు గంటలు. కడప నాపరాళ్లు పరిచిన మిద్దె పెనంలా కాలుతోంది. టొరంటో పిల్లాడు ఉత్త కాళ్లతో మిద్దె మెట్లెక్కుతున్నాడు. కింద నుంచి చెప్పులు చేత పట్టుకుని అవ్వ పరుగున వచ్చింది.

"ఆగు నాయనా! కాళ్లు కాల్తాయి. ఇవి తొడుక్కో!"

ఆ ఊరికి ఆ తొడుగు. ఈ ఊరికి ఈ తొడుగు!